రూపాయికి ఎన్ని ఆటలు?

చెస్ ఇంజన్ల మధ్య, అంటే సొంతంగా చెస్ ఆడే ప్రోగ్రాముల మధ్య మ్యాచ్‌లు నడపాలంటే లక్ష రూపాయల కంప్యూటర్ ఉండాలనే మాట తిరుపతిలో చాలామంది నోట విన్నాను. ఇంజినీరింగ్ చదివే పిల్లలు అంటారు, వాళ్ళకి పాఠాలు చెప్పే లెక్చరర్లు అంటారు, కంప్యూటర్లు అమ్మేవాళ్ళయితే ఇంకా గట్టిగా అంటారు. ఈ మాట తప్పు. దీనివల్ల నష్టం కూడా జరుగుతోంది. నెలల తరబడి కష్టపడి సొంతంగా ఇంజన్ రాసుకున్న కుర్రాడు దాన్ని సరిగ్గా పరీక్షించకుండానే ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్ చేయించి పక్కన పడేస్తున్నాడు. ఎందుకని అడిగితే, "అంత మెషీన్ మన దగ్గర యాడుంది సార్" అంటాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కంప్యూటర్ ధర ఎంతని కాకుండా, ఒక్కో ఆటకి ఎంత పడుతుందని లెక్క వేయాలి. ఆ లెక్కలో కొన్న ధరతో పాటు కరెంటు బిల్లు రావాలి, మన ఎండాకాలం రావాలి, పాడైతే బాగు చేయించుకునే దారి రావాలి. అన్నీ కలిపి చూస్తే మధ్యతరగతి ఇంట్లో, హాస్టల్ గదిలో, మామూలు కాలేజీ ల్యాబులో కూడా ఈ పని నిక్షేపంగా జరుగుతుంది.

ముందు ఇంజన్ల మ్యాచ్‌కీ మనుషుల మ్యాచ్‌కీ ఉన్న తేడా చూడాలి. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్‌ని 7.5-6.5 తేడాతో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 14 ఆటల్లో తేలిపోయింది, ప్రపంచమంతా ఒప్పుకుంది. ఇంజన్ల విషయంలో 14 ఆటలతో ఏమీ తేలదు. అక్కడి ప్రశ్న వేరు. నిన్నటి ప్రోగ్రాంలో నాలుగు లైన్లు మార్చాను, ఇవాళ్టిది నిన్నటి కన్నా 3 ఈలో పాయింట్లు (చెస్‌లో బలాన్ని కొలిచే అంకె) మెరుగైందా, లేదా? ఇంత చిన్న తేడా పట్టుకోవాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఇక్కడ ఆ సామెత పనికిరాదు. గిన్నె మొత్తం పట్టి చూడాల్సిందే.

ఎంత పెద్ద గిన్నె అంటే, రెండు ఇంజన్లు దాదాపు సమానంగా ఉండి, సగం ఆటలు డ్రా అవుతున్నాయనుకుందాం. 100 ఆటలు ఆడిస్తే వచ్చే ఫలితం అటు 48, ఇటు 48 ఈలో దాకా ఊగుతుంది. నూటికి 95 పాళ్ళు నమ్మకం కావాలంటే ఆ ఊగుడుని ఒప్పుకోవాలి. 1,000 ఆటలకి అది 15కి దిగుతుంది. 10,000 ఆడిస్తే 5 దగ్గరికి వస్తుంది. 3 ఈలో తేడా కనిపించాలంటే 25,000 ఆటలు దాటాలి. ఆటలు నాలుగింతలు చేస్తే గానీ ఊగుడు సగం కాదు. ఇది గణితం, ఎంత ఖరీదైన యంత్రం కొన్నా దీన్ని దాటలేం. మన చేతిలో ఉన్నది ఆటల సంఖ్య ఒక్కటే.

ఈ భారం కొంత తగ్గించే పద్ధతులు ఉన్నాయి. ఒక్కో ఓపెనింగ్‌ని రెండుసార్లు, రంగులు మార్చి ఆడించడం మొదటిది. ఫలితం స్పష్టంగా తేలగానే ఆపేయడం రెండోది. దీన్ని ఎస్‌పీఆర్‌టీ అంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సరుకు నాణ్యత తనిఖీ కోసం అబ్రహం వాల్డ్ తయారు చేసిన పద్ధతి ఇది. స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజన్ తయారుచేసేవాళ్ళు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటులో ప్రతి మార్పునీ ఇలాగే పరీక్షిస్తున్నారు. మొదట ఒక్కో వైపుకి 10 సెకన్లు, ఎత్తుకి 0.1 సెకను కలిపే చిన్న ఆటలు. అందులో నెగ్గితే 60 సెకన్లు, ఎత్తుకి 0.6 సెకను కలిపే పెద్ద ఆటలు. ఆ ఆటలన్నీ ఏ పెద్ద కంపెనీ సర్వర్లలోనో జరగడం లేదు. ప్రపంచం నలుమూలలా మామూలు జనం తమ కంప్యూటర్లని ఇస్తే వాటి మీద జరుగుతున్నాయి. ప్రపంచంలో అందరికన్నా బలమైన చెస్ ఇంజన్ పెరిగింది ఇలా చందాలు వేసుకున్నట్టు పోగుచేసిన యంత్రాల మీదే. లక్ష రూపాయల మాట ఎత్తేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

చిన్న ఆట ఒకటి దాదాపు అర నిమిషంలో అయిపోతుంది. 25,000 ఆటలు ఒకదాని తర్వాత ఒకటి ఆడిస్తే 208 గంటలు, అంటే దాదాపు తొమ్మిది రోజులు. ఒకేసారి మూడు నడిపితే మూడు రోజుల్లోపు. తొమ్మిది నడిపితే ఒక పగలూ రాత్రీ. కాబట్టి మనం కొనాల్సింది ఒకే ఆటని మెరుపు వేగంతో ఆడించే యంత్రాన్ని కాదు. ఒకేసారి ఎక్కువ ఆటల్ని, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఆడించే యంత్రాన్ని.

ఒక్కో ఆటకి ఒక్క కోరు, అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే ఒక్క భాగం చాలు. మ్యాచ్‌లో ఒక్కో ఇంజన్‌కి ఒక్క థ్రెడ్డే ఇస్తాం. ఎదుటివాడి వంతులో ఆలోచించే పాండరింగ్‌ని ఆపేస్తాం. అప్పుడు ఏ క్షణంలో చూసినా ఇద్దరిలో ఒక్కరే ఆలోచిస్తుంటారు. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో ఒకటి ఆపరేటింగ్ సిస్టానికి వదిలేస్తే మూడు ఆటలు హాయిగా నడుస్తాయి. ఇక్కడ ఒక్క కోరుని రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ లెక్క నమ్మకూడదు. ఐ7-4770 లాంటి ప్రాసెసర్ ఎనిమిది అని చూపిస్తుంది గానీ అసలు కోర్లు నాలుగే. ఎనిమిది ఆటలు పెడితే ఇద్దరేసి ఒకే కోరు పంచుకుంటారు. ఒకరికి దొరికినంత పని ఇంకొకరికి దొరకదు. ఆటలు ఎక్కువ కావచ్చు, నమ్మకం మాత్రం తగ్గుతుంది. నేను అసలు కోర్లనే లెక్కపెడతాను.

గ్రాఫిక్స్ కార్డు గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు, ఎందుకంటే డబ్బంతా పోయేది అక్కడే. రెండో యంత్రం కట్టించడానికి ఊళ్ళో ఒక షాపుకి వెళ్ళినప్పుడు అక్కడి అతను కాగితం మీద రాస్తూ రాస్తూ తలెత్తి, "కార్డు ఏది వెయ్యమంటావన్నా?" అన్నాడు. వద్దన్నాను. "అదేందన్నా, ఆటలకే అంటివి కదా! కార్డు లేకుంటే ఎట్లా ఆడతారు?" అన్నాడు. ఆడేది మనుషులు కాదని, తెర మీద బొమ్మ కూడా ఉండదని, అసలు తెరే ఉండదని చెబితే కాసేపు పెన్ను పక్కన పెట్టి విన్నాడు. మంచి మనిషి. ఆ తర్వాత కార్డుకి పోయే డబ్బుల్లో కొంత మంచి కూలరుకీ, మంచి పవర్ సప్లైకీ మళ్ళించమని తనే సలహా ఇచ్చాడు. నిజంగా విలువైన సలహా.

గ్రాఫిక్స్ కార్డు కావాల్సిన ఇంజన్లు లేకపోలేదు. 2018లో మొదలైన లీలా చెస్ జీరో అలాంటిదే. దానితో పనిచేసేవాళ్ళ లెక్క వేరు. కానీ ఇప్పుడు వస్తున్న ఇంజన్లలో ఎక్కువ భాగం స్టాక్‌ఫిష్ దారిలో నడుస్తున్నాయి. జపాన్‌లో 2018లో యు నాసు షోగీ ఆట కోసం ఎన్‌ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ తయారు చేశాడు. మామూలు ప్రాసెసర్ మీద వేగంగా నడిచేలా దాన్ని మలిచాడు. 2020 సెప్టెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 12లో అది చేరింది. ఒక్కసారిగా ఇంజన్ బలం ఎంతో పెరిగింది, గ్రాఫిక్స్ కార్డు అవసరం లేకుండానే. నా దృష్టిలో చవక యంత్రాలు వాడేవాళ్ళకి ఈ రంగంలో దొరికిన అన్నిటికన్నా పెద్ద వరం అదే.

అయితే ఆ వరానికి ఒక షరతు ఉంది, పాత సామాను కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. ఎన్‌ఎన్‌యూఈ వేగంగా నడవాలంటే ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 (ఒకేసారి చాలా అంకెల మీద లెక్క చేసే సూచనలు) ఉండాలి. ఇంటెల్‌లో అది నాలుగో తరంతో, అంటే 2013 హాస్‌వెల్‌తో వచ్చింది. ఐ5-3470, ఐ7-3770 లాంటి మూడో తరం ప్రాసెసర్లలో లేదు. మూడో తరానికీ నాలుగో తరానికీ పాత బజారులో ధరలో పెద్ద తేడా ఉండదు. మన పనికి మాత్రం తేడా చాలా ఉంటుంది. జియాన్ సర్వర్ ప్రాసెసర్లకీ ఇదే వర్తిస్తుంది. ఈ5-2600 వరుసలో పేరు చివర వీ2 ఉంటే వదిలేయండి, వీ3, వీ4 అయితే చూడొచ్చు. ఏఎమ్‌డీ రైజెన్‌లు అన్నిటిలో ఏవీఎక్స్2 ఉంది. కాకపోతే మొదటి తరాల్లో ఇంజన్లు వాడే పెక్స్‌ట్ అనే సూచన చాలా నెమ్మది. 5000 వరుసలోని జెన్ 3తో అది బాగుపడింది. పాత రైజెన్ కొంటే స్టాక్‌ఫిష్‌లో పెక్స్‌ట్ వాడే బీఎమ్ఐ2 బిల్డు కాకుండా ఏవీఎక్స్2 బిల్డు వాడుకోవాలి.

ర్యామ్ విషయం ఒక్క మాటలో అయిపోతుంది. ఫిష్‌టెస్ట్‌లో చిన్న ఆటలకి ఇంజన్‌కి 16 ఎంబీ హాష్ (చూసిన స్థితుల్ని గుర్తుపెట్టుకునే మెమరీ), పెద్ద ఆటలకి 64 ఎంబీ ఇస్తారు. ఎనిమిది ఆటలు, పదహారు ఇంజన్లు, అన్నీ కలిపినా 1 జీబీ హాష్. కాబట్టి 8 జీబీ ర్యామ్ చాలు, 16 ఉంటే ధారాళం. కాకపోతే ఒకే 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీ స్టిక్‌లు మేలు. రెండు దారుల్లో డేటా వస్తుంది కాబట్టి అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు ఒకదానికోసం ఇంకొకటి ఆగదు. డిస్క్ 256 జీబీ ఎస్ఎస్‌డీ చాలు. ఎండ్‌గేమ్ టేబుళ్ళు, అంటే కొద్ది పావులే మిగిలిన స్థితుల ఫలితాలు ముందే లెక్కగట్టిన పట్టికలు కావాలనుకుంటే, ఐదు పావుల దాకా ఉన్న సిజీజీ టేబుళ్ళు 1 జీబీ లోపే. ఆరు పావులవి 150 జీబీ దగ్గర. ఏడు పావులవి 17 టెరాబైట్ల చుట్టూ ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

ఇక ఎక్కడ కొనాలి? ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు వాళ్ళం అదృష్టవంతులం. ఒక పక్క చెన్నై, ఇంకో పక్క బెంగళూరు. ఆ రెండు ఊళ్ళలోని కంపెనీలు కొన్నేళ్ళకోసారి ఆఫీసు కంప్యూటర్లు మారుస్తాయి. అలా బయటపడ్డ డెల్ ఆప్టీప్లెక్స్‌లు, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్‌లు బజారుకి వస్తాయి. పొద్దున రైలు ఎక్కితే చెన్నైలోని రిచీ స్ట్రీట్‌కి పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు. చిత్తూరు వైపు వాళ్ళకి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు ఉంది. నాలుగు కోర్ల ఐ5-6500 ఉన్న డబ్బా, 8 జీబీ ర్యామ్‌తో, ఎస్ఎస్‌డీతో నాకు పన్నెండు వేల లోపే వచ్చింది. ఆఫీసులో వర్డూ ఎక్సెలూ నడిపిన యంత్రం, ప్రాసెసర్ అరిగిపోయిందేమీ లేదు.

కొనగానే మూత విప్పి చూసుకోవాలి. నేను తెచ్చుకున్న దాని ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము పేరుకుని దారాలు దారాలుగా ఉంది. కూలరు పీకి చూస్తే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్టు పూర్తిగా ఎండిపోయి, గోటితో గీకితే పొడిగా రాలింది. ఆ స్థితిలో అన్ని కోర్లూ పనిలో పెడితే ఐదు నిమిషాల్లో వేడి 90 డిగ్రీలు దాటింది, వేగం దానంతటదే తగ్గిపోయింది. దుమ్ము దులిపి, స్పిరిటుతో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి బిగించాక అదే పనికి 70 దాటలేదు. రెండు మూడు వందల రూపాయల ఖర్చు. సెకండ్ హ్యాండ్ యంత్రం బాగోలేదని తిట్టేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క పని చేసి ఉండరని నా నమ్మకం.

ఒక ఇబ్బంది మాత్రం ముందే తెలిసుండాలి. ఆప్టీప్లెక్స్‌లలో పవర్ సప్లై కనెక్టరు మామూలు 24 పిన్నుల రకం కాదు. అది పోతే మన ఊరి షాపులో దొరికేది దానికి సరిపోదు. అందుకే కొంటే ఒకే మోడల్ రెండు మూడు కొనమంటాను. ఒకదాని భాగాలు ఇంకోదానికి పనికొస్తాయి. అంతకన్నా పెద్ద లాభం ఏమిటంటే, అన్నీ ఒకే వేగంతో నడుస్తాయి కాబట్టి ఏ యంత్రం మీద ఆడిన ఆటనైనా నిశ్చింతగా ఒకే లెక్కలో కలుపుకోవచ్చు.

ఇప్పుడు అసలు ఖర్చు దగ్గరికి వద్దాం. మనకి కరెంటు ఇచ్చే ఎస్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది, కానీ స్లాబుల లెక్క పెట్టుకుని కంప్యూటర్ కొన్నవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. ఇటీవలి సంవత్సరాల గృహ స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఎలాగూ ముందు స్లాబుల్ని తినేస్తాయి. మన చెస్ యంత్రం తాగే ప్రతి యూనిట్టూ పై స్లాబులో పడుతుంది. నెలకి 200 యూనిట్లు వాడే ఇంట్లో 150 వాట్ల యంత్రాన్ని రాత్రింబవళ్ళు నడిపితే 108 యూనిట్లు పెరుగుతాయి. అందులో 25 యూనిట్లు 6 రూపాయల మీద, మిగతా 83 యూనిట్లు 8.75 మీద. మొత్తం 876 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు కాకుండా. ఏడాదికి పదివేల పైమాటే. అంటే పన్నెండు వేల యంత్రం ఒకటి కొనడానికి దాదాపు సరిపోయే డబ్బు ఏడాది తిరిగేసరికి కరెంటుకే పోతుంది.

కాబట్టి నేను రాత్రిపూట మాత్రమే నడుపుతాను. నా ఐ5 యంత్రం మూడు ఆటలు నడుస్తుండగా గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే 75 వాట్ల దగ్గర తాగుతుంది. తొమ్మిది గంటల రాత్రికి 0.675 యూనిట్. పై స్లాబు ధరతో ఆరు రూపాయల లోపు. ఆ రాత్రి 3,240 చిన్న ఆటలు అవుతాయి. రూపాయికి 500 ఆటలకి పైనే. ఈ అంకె చూశాకే లక్ష రూపాయల కంప్యూటర్ మాట మీద నాకు గట్టిగా వాదించాలనిపించింది.

రైజెన్ 5 5600తో కట్టించిన రెండో యంత్రం ముప్పై వేలకు కొంచెం అటూ ఇటూ అయింది. ఆరు కోర్లు, ఐదు ఆటలు, 120 వాట్లు. రూపాయికి ఆటల సంఖ్య దాదాపు అంతే వస్తుంది. కానీ దాని కోరు ఐ5 కోరు కన్నా బాగా వేగం, 32 ఎంబీ క్యాష్ మెమరీ ఉంది. అదే పది సెకన్లలో ఇంజన్ ఎక్కువ లోతు చూస్తుంది, ఆట నాణ్యత పెరుగుతుంది. లేదా టైమ్ తగ్గించి అదే నాణ్యతతో ఎక్కువ ఆటలు ఆడించుకోవచ్చు. ఫిష్‌టెస్ట్ కూడా యంత్రం వేగాన్ని ముందు కొలిచి, దాన్ని బట్టే టైమ్ సర్దుతుంది. అందువల్ల ఉత్త ఆటల సంఖ్యతో యంత్రాల్ని పోల్చడం సరికాదు. స్టాక్‌ఫిష్‌లో బెంచ్ అని కొడితే సెకనుకి ఎన్ని నోడ్లు, అంటే ఎన్ని స్థితులు చూస్తుందో చెబుతుంది. దాన్ని ఒక్క కోరు మీద కాకుండా, అన్ని కోర్ల మీదా ఒకేసారి నడిపి, మొత్తం కూడి, వాట్లతో భాగించాలి. ఒక్క కోరు మీద కొలిస్తే టర్బో వేగం (ప్రాసెసర్ తనంతట తాను పెంచుకునే వేగం) చూసి మోసపోతాం, ఎందుకంటే అన్ని కోర్లూ పనిలో దిగాక అంత టర్బో ఉండదు. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు కాబట్టి, లినక్స్ ఎక్కించే పూట మాత్రం స్నేహితుడి దగ్గర పాత కార్డు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఆ తర్వాత మానిటర్ లేకుండానే నడుస్తోంది.

నా తీర్పు ఇది. ఇంజన్ రాయడం ఇప్పుడే మొదలుపెట్టి వారానికి కొన్ని రాత్రులు నడిపేవాళ్ళకి ఆఫీసుల నుంచి వచ్చిన నాలుగు కోర్ల డబ్బా చాలు. రోజూ నడిపేవాళ్ళు, ఒకటి రెండేళ్ళు ఈ పనిలోనే ఉంటామనుకునేవాళ్ళు రైజెన్ లాంటిది కట్టించుకుంటే వేగం, కరెంటు రెండూ కలిసొస్తాయి. 14 కోర్ల ఈ5-2680 వీ4 జియాన్‌లు రెండు పెట్టిన సర్వర్ చూసి కొందరికి మనసు లాగుతుంది. ఆటల లెక్కలో అది చెడ్డది కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక్కో ప్రాసెసర్ 120 వాట్ల రకం. ఫ్యాన్ల మోతకి పక్క గదిలో చదువుకునే పిల్లలకి నిద్ర ఉండదు. బోర్డు పోతే తిరుపతిలో దొరకదు, 28 కోర్లూ ఒకేసారి మూలన పడతాయి. ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదు అది.

ల్యాప్‌టాప్ మీద నడిపేవాళ్ళకి మాత్రం వద్దని చెబుతాను. సన్నటి పెట్టెలో వేడి పోయే దారి ఉండదు. మొదటి పావుగంట ఒక వేగం, ఆ తర్వాత ఒక వేగం. పన్నెండో తరం నుంచి వచ్చిన చాలా ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంకో చిక్కు ఉంది. అందులో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిసి ఉంటాయి. ఒక ఇంజన్ పెద్ద కోరు మీద, దాని ప్రత్యర్థి చిన్న కోరు మీద పడితే అది మ్యాచ్ ఎలా అవుతుంది? లినక్స్‌లోని టాస్క్‌సెట్ అనే కమాండ్‌తో కోర్లు కేటాయించి దాన్ని సరిచేయొచ్చు గానీ, అంత తెలిసినవాడు ముందే అన్నీ ఒకే రకం కోర్లున్నది కొనుక్కుంటాడు. అద్దె క్లౌడ్‌లో ఒక వీసీపీయూ (అద్దెకిచ్చే ప్రాసెసర్ వాటా) అంటే చాలాచోట్ల సగం కోరే, మిగతా సగంలో ఎవరి పని నడుస్తుందో మనకి తెలియదు. ఒక్క పెద్ద పరీక్ష త్వరగా తేల్చుకోవాలంటే సరే, రోజువారీ పనికి అది బరువు.

నిలకడ మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2017 డిసెంబరులో గూగుల్ వాళ్ళ డీప్‌మైండ్ తయారుచేసిన ఆల్ఫాజీరో 100 ఆటల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడకుండా స్టాక్‌ఫిష్‌ని చిత్తు చేసింది. ఆ ఆటల అందం ఎవరూ కాదనలేదు. కానీ స్టాక్‌ఫిష్‌కి 64 థ్రెడ్లు ఇచ్చి 1 జీబీ హాషే ఎందుకిచ్చారు, ఎత్తుకి సరిగ్గా ఒక నిమిషం అని ఎందుకు కట్టేశారు అని తెలిసినవాళ్ళంతా నిలదీశారు. ఏడాది తర్వాత వచ్చిన పరిశోధన పత్రంలో 1,000 ఆటలు, ఎక్కువ హాష్, మామూలు గడియారం లెక్కతో మళ్ళీ ఆడించి చూపారు. 155 గెలుపులు, 6 ఓటములు, మిగతావి డ్రాలు. గూగుల్ అంతటి సంస్థ నీడలో జరిగిన మ్యాచ్‌కే పరిస్థితుల గురించి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. డబ్బుతో వేగం కొనొచ్చు, సమాన పరిస్థితుల్ని మాత్రం ఓపికతో ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఓపిక పన్నెండు వేల యంత్రం ఉన్నవాడికీ సాధ్యమే.

మన ఊళ్ళో ఆ ఓపికకి రెండు పరీక్షలు ఉంటాయి. ఒకటి ఎండ. మేలో ఇక్కడ 40 దాటడం మామూలే. మిద్దె మీద గదిలో యంత్రం పెడితే రాత్రి పదకొండుకి కూడా గోడలు వేడి కక్కుతుంటాయి. కింద, ఉత్తరం వైపు గదిలో, గోడకి జానెడు ఎడంగా పెట్టాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను బయాస్‌లో టర్బో ఆపేస్తాను. వేగం కొంచెం తగ్గుతుంది, కానీ రాత్రి మొదటి ఆటకీ చివరి ఆటకీ ఒకే వేగం ఉంటుంది. రెండోది కరెంటు కోత. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, చాలా ఇళ్ళలో అది మామూలు మోడ్‌లోనే పడి ఉంటుంది. మార్చకపోతే కరెంటు పోయి వచ్చే రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. మ్యాచ్ నడిపే ప్రోగ్రాంగా ఫాస్ట్‌చెస్ వాడితే ఆగిన చోటు నుంచి కొనసాగించొచ్చు, రాత్రి పని మొత్తం పోదు. పొద్దున లేచి ఫలితం చూసేటప్పుడు ఈలో అంకె కన్నా ముందు నేను చూసేది, టైమ్ అయిపోయి ఓడిన ఆటలు ఎన్ని అని. వేల ఆటల్లో ఒకటో రెండో అయితే సరే. పదులు ఉన్నాయంటే యంత్రానికి ఊపిరాడటం లేదని అర్థం, ఆ ఫలితాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, ఈ రంగంలో ఒక న్యాయం ఉంది. స్టాక్‌ఫిష్‌కి ఎవరు మార్పు పంపినా ముందు అడిగేది పరీక్షలో నెగ్గిందా అని. పంపినవాడి కాలేజీ పేరు, ఊరి పేరు అక్కడ పనికిరావు. సొంత ఇంజన్లు రాసేవాళ్ళ కోసం ఓపెన్‌బెంచ్ అనే ఏర్పాటు ఉంది, అందులో ఒకరి యంత్రాలు ఇంకొకరి పరీక్షలకి సాయపడతాయి. తెలుగు నేల హంపిని, హారికని, హరికృష్ణని ఇచ్చింది. బల్ల ముందు కూర్చుని ఆడేవాళ్ళకి కొదవ లేదు. ఆడే ప్రోగ్రాం రాసేవాళ్ళు కూడా ఇక్కడి నుంచి రావాలని నా కోరిక. వాళ్ళకి కావాల్సిన తెలివి ఉంది, కోడ్ రాయడం వచ్చు. లేనిదల్లా ఆ 25,000 ఆటలు.

ఆ ఆటలు మన కాలేజీల్లోనే ఉన్నాయి. తిరుపతి చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్ళినా 60 కంప్యూటర్ల ల్యాబు ఒకటైనా ఉంటుంది, సాయంత్రం ఐదుకి తాళం పడుతుంది. నాలుగు కోర్ల యంత్రాలే అనుకుందాం. ఒక్కోదాని మీద మూడేసి, మొత్తం 180 ఆటలు ఒకేసారి. 25,000 ఆటలు 70 నిమిషాల్లో అయిపోతాయి. వైరస్ భయం ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేయొచ్చు, హార్డ్ డిస్క్‌ని ముట్టుకోవక్కర్లేదు. కరెంటు సంగతి అడిగితే, 60 యంత్రాలు 75 వాట్ల చొప్పున 4.5 కిలోవాట్లు, పరీక్ష ఒకటికి ఐదారు యూనిట్లు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళే విద్యార్థులు ఈ అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వేసవిలో అడగొద్దు, అంత వేడికి ఏసీ వేయమంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. జనవరిలో అడగండి. వానలు తగ్గి, రాత్రులు చల్లబడి ఉంటాయి, ల్యాబు కిటికీలు తెరిస్తే సరిపోతుంది. వారానికి ఒక్క రాత్రి, వాచ్‌మన్ దగ్గర తాళం, బాధ్యతగా ఒక లెక్చరర్ సంతకం. ఇంతకు మించి అడగాల్సింది ఏమీ లేదు.